పాత షెవీ పికప్ చూడటానికి వెళ్తున్నారా? టేపు, టార్చి పట్టుకెళ్ళండి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "బ్రో, పాత ట్రక్కు కొందామనుకుంటున్నాం, ఏది కంపెనీ నుంచి వచ్చింది, ఏది తర్వాత ఎవరో పెట్టింది, ఎలా కనిపెట్టాలి?" అన్ని ట్రక్కులకీ ఒకే సమాధానం ఉండదు. అందుకే ఇవాళ ఒక్క బండి గురించే మాట్లాడతా. 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలే సీ10. ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగువాళ్ళు పాత పికప్ అనగానే ఎక్కువగా వెతికేది ఇదే.

ఒక సంగతితో మొదలుపెడతా. డాలస్‌లో మా సీనియర్ ఒకాయన ఉన్నాడు, అన్నా అని పిలుస్తా. ఒకరోజు ఫోన్ చేసి, "తమ్ముడూ, 1970 సీ10 దొరికిందిరా, షార్ట్ బెడ్, అంతా ఒరిజినల్ అంట, 32 వేలు చెప్తున్నాడు. మీ వదినని ఒప్పించడానికే రెండేళ్ళు పట్టింది. ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చావా అంటే, ఇంకా లేదన్నాడు. హమ్మయ్య అనుకుని శనివారం పొద్దున్నే వెళ్ళాం.

బండి చూడగానే కళ్ళు చెదిరాయి. నీలం, తెలుపు పెయింట్ మెరిసిపోతోంది. ఇక్కడే మనం మోసపోతాం. పెయింట్ చూసి ప్రేమలో పడకముందే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వరసగా చెప్తా.

మొదటిది, నంబర్ ప్లేటు. రోడ్డు మీద కనిపించేది కాదు, డ్రైవర్ డోర్ తీస్తే పక్క పిల్లర్ మీద ఉండే చిన్న రేకు. అన్న చూసిన బండికి ఆ నంబర్ "సీఎస్140" అని మొదలైంది. సీ అంటే టూ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ అయితే కే ఉంటుంది. రెండో అక్షరం ఇంజన్: ఎస్ అంటే ఆరు సిలిండర్లు, ఈ అంటే వీ8. తర్వాతి 1 అంటే హాఫ్ టన్ను. 4 అంటే పికప్. ఆ తర్వాతి అంకె సంవత్సరంలో ఆఖరి అంకె, సున్నా అంటే 1970. 1972లో మాత్రం ముందు ఇంకో అక్షరం చేరింది, షెవ్రొలే అయితే సీ, జీఎంసీ అయితే టీ.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. ప్లేటు మీద ఎస్ ఉంది, లోపల వీ8 కూర్చుని ఉంది. అంటే ఇంజన్ మార్చారు. అంతే, వాదన అక్కర్లేదు. పైగా ఆ ఇంజన్ వాల్వ్ కవర్లకి బోల్టులు అంచుల్లో లేవు, మధ్యలో వరసగా ఉన్నాయి. ఈ చిన్న వీ8లకి మధ్యలో బోల్టులు వచ్చింది 1980ల రెండో సగంలో. 1970 బండిలో అది పుట్టుకతో ఉండే అవకాశమే లేదు.

ఇంజన్ దగ్గర నా తప్పు కూడా చెప్పుకోవాలి. బ్లాకు వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట, పోత పోసిన తేదీ ఉంటుంది. అక్షరం నెల, ఏ అంటే జనవరి, బీ ఫిబ్రవరి, అలా. తర్వాత రోజు, చివర సంవత్సరంలో ఆఖరి అంకె. నేను నా బండి కొన్నప్పుడు "బీ 18 0" చూసి, ఆహా, 1970 ఫిబ్రవరి 18, బండితో పాటు పుట్టిందే అని సంబరపడి అడిగినంత ఇచ్చేశా. ఇంటికొచ్చాక కాస్టింగ్ నంబర్ వెతికితే అది 1980 నాటి బ్లాకు. సున్నా ఒకటే, పదేళ్ళు తేడా! కోడ్‌లో సంవత్సరానికి ఒక్క అంకె పెడితే ఏమవుతుందో బీటెక్ చదివిన నాకు తెలియదా? తెలుసు. ఆత్రం. అందుకే తేదీ ఒక్కటే చూడకండి, కాస్టింగ్ నంబర్ కూడా రాసుకోండి.

రెండోది, బండి చుట్టూ ఒక రౌండు కొట్టండి. 1967 బండికి ఫెండర్ల పక్కన మార్కర్ లైట్లు ఉండవు, 1968 నుంచి వచ్చాయి. 1967 అని చెప్పి లైట్లు ఉంటే ఫెండర్ వేరే బండిది. 1969లో గ్రిల్, బానెట్ ముక్కు మారాయి, చేత్తో లాగే పార్కింగ్ బ్రేక్ పోయి కాలితో తొక్కేది వచ్చింది. 1971లో గళ్ళగళ్ళ గ్రిల్ వచ్చింది. లోపల అద్దం చూడండి: 1972లో అది ముందు గ్లాసుకి అతికించి ఉంటుంది, అంతకుముందు పైన రేకుకి బిగించి ఉంటుంది.

చక్రం నట్లు లెక్కపెట్టండి. 1970 దాకా సీ10కి ఆరు నట్లు. 1971లో ముందు డిస్క్ బ్రేకులు స్టాండర్డ్ అయ్యాక టూ వీల్ డ్రైవ్ హాఫ్ టన్నుకి ఐదు నట్లు. అన్న చూసిన "1970"కి ఐదు ఉన్నాయి. అంటే తర్వాతి బండి ముందు భాగాలు వేశారు. ఇది చెడ్డపనేం కాదండోయ్! డ్రమ్ముల కంటే డిస్క్ బ్రేకులు మేలు. నేనైనా అదే చేస్తా. కానీ అది ఒరిజినల్ కాదు. ఆ రెండూ వేరు విషయాలు.

ఒక జాగ్రత్త. వెనక లీఫ్ స్ప్రింగులు కనిపించగానే "మార్చేశారు" అని అరవకండి. షెవ్రొలేకి కాయిల్ స్ప్రింగులు మామూలు, కానీ లీఫ్ కూడా ఆప్షన్‌గా ఇచ్చారు. అనుమానం వేరు, రుజువు వేరు.

మూడోది, అసలు డబ్బు ఉన్న చోటు. ఈ ట్రక్కులు రెండు పొడవుల్లో వచ్చాయి. షార్ట్ బెడ్‌కి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి 115 అంగుళాలు, లాంగ్ బెడ్‌కి 127. ఇవాళ అందరికీ షార్టే కావాలి, రేటూ దానికే. అందుకని లాంగ్ బెడ్ ఫ్రేమ్‌ని 12 అంగుళాలు కోసి, వెల్డింగ్ చేసి, షార్ట్ చేస్తారు. చెప్పి అమ్మితే ఇబ్బంది లేదు. చెప్పకపోతేనే గొడవ.

టేపు పెట్టాం, 115 వచ్చింది. అమ్మేవాడు "చూశారా" అన్నట్టు నవ్వాడు. కానీ కోసిన ఫ్రేమ్ కూడా 115 చూపిస్తుంది కదా! అందుకని గ్లవ్ బాక్స్ తలుపు లోపలివైపు చూశా. కంపెనీ అక్కడ ఒక స్టిక్కర్ అంటించేది, మోడల్ నంబర్, వీల్‌బేస్, బండితో వచ్చిన ఆప్షన్లు అన్నీ దాని మీద ఉంటాయి. ఈ బండికి తలుపే కొత్తది, స్టిక్కర్ లేదు. లేకపోవడం నేరం కాదు, యాభై ఏళ్ళ కాగితం. ఉన్నా కూడా దాని మీది నంబర్ పిల్లర్ మీది నంబర్‌తో కలుస్తుందో లేదో చూడాలి, కొత్తగా అచ్చువేసిన స్టిక్కర్లూ దొరుకుతాయి.

ఇక మిగిలింది ఒక్కటే, నేల మీద పడుకోవడం. టార్చి వేసి క్యాబ్ వెనక ఫ్రేమ్ చూశా. ఫ్రేమ్ అంతా పాత మట్టి, తుప్పు. క్యాబ్ వెనక రెండడుగుల మేర మాత్రం కొత్త నల్లపూత. బయటివైపు వేలితో తడిమితే నున్నగా ఉంది. ఈ ఫ్రేమ్ ఇంగ్లిష్ సీ అక్షరంలా ఉంటుంది, లోపలివైపు చెయ్యి పెట్టా. బయట గ్రైండింగ్ చేసినవాడు లోపల వదిలేశాడు. నిలువుగా ఒక వెల్డింగ్ గీత, గరుకుగా, వేలికి తగిలింది. రెండో పక్కా అదే చోట అదే గీత.

లేచి అన్న వైపు చూశా. ఆయనకి అర్థమైపోయింది. అమ్మేవాడిని అడిగితే, "నేనూ ఇలాగే కొన్నాను, నాకు తెలియదు" అన్నాడు. నిజమే కావచ్చు. రేటు తొమ్మిది వేలు తగ్గిస్తానన్నాడు. అన్న ఊగాడు. "తమ్ముడూ, తీసుకుందామా? పిల్లల్ని ఎక్కించుకుని తిరగొచ్చా?"

నేను చెప్పింది ఒకటే: "అన్నా, ఆ వెల్డింగ్ బలం నేను చెప్పలేను. లిఫ్ట్ మీద పెట్టి ఫ్రేమ్ పని చేసేవాళ్ళకి చూపిద్దాం." చూపించాం. అడ్డంగా కోసి రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టి అతికించేశారు, లోపల బలానికి ఒక ప్లేటు కూడా లేదు. ఈ వెల్డింగ్‌ని నమ్మి బరువు వేయొద్దన్నారు. అన్న చూపించినందుకు డబ్బులిచ్చి బయటికొచ్చాడు, దారంతా మాట్లాడలేదు.

మూడు నెలలకి ఇంకో బండి కొన్నాడు. లాంగ్ బెడ్, ఆరు సిలిండర్లు, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, తొట్టి నిండా గీతలు. ప్లేటు మీద ఎస్, లోపల ఆరు సిలిండర్ల ఇంజనే. ఫ్రేమ్ మీద తుప్పు తప్ప ఇంకేం లేదు. రేటు మొదటిదాంట్లో సగం కూడా లేదు. ముందు బ్రేకులు మాత్రం డిస్క్‌లకి మార్పించాడు. పాత డ్రమ్ములు పారేయకుండా షెడ్డులో పెట్టి, ఏం మార్చాడో, ఎప్పుడు మార్చాడో కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాడు. రేపు కొనేవాడు నేల మీద పడుకుని వెతుక్కోనక్కర్లేదు.

మీ బండికి మీరు చేసిన మార్పులు కూడా రాసి పెట్టండి. చూడటానికి వెళ్తున్నవాళ్ళు, టేపు, టార్చి, పాత చొక్కా. అడ్వాన్స్ మాత్రం పడుకుని చూశాకే. వచ్చే వారం క్యాబ్ మూలల్లో పుట్టీ కింద తుప్పు ఎలా పట్టుకోవాలో చూద్దాం. ఉంటానండి.