పొట్లం వెనుక అక్షరాలు
(పెంపుడు జంతువులపై అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పశువైద్యుణ్ణి కాను, నగరపాలికలో అనువాదకుణ్ణి. అందుచేత మాటలతోనే మొదలుపెడతాను. మన దేశంలో పొట్లం కట్టి అమ్మే వస్తువులపై తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలును. తెలుగు, కన్నడం, తమిళం కంపెనీల ఇష్టం. కనుకనే ముందువైపున ఉన్న కోడి బొమ్మను చూసి కుక్కకు ఆహారం కొనే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. బొమ్మకు ఏ పూచీ లేదు. ఉన్న పూచీ అంతా వెనుకవైపు చిన్న అక్షరాలదే.

ఆ పదార్థాల జాబితా సాధారణంగా బరువును బట్టి, ఎక్కువ నుండి తక్కువకు సాగుతుంది. మొదట 'కోడిమాంసం' కనబడగానే సంతోషిస్తాము. అయితే ఆ బరువు తయారీలో కలిపేనాటి బరువు, నీటితో సహా. పచ్చి కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరే. ముప్పై కిలోల మాంసం, ఇరవై అయిదు కిలోల మొక్కజొన్న కలిపారనుకోండి. జాబితాలో మాంసానిదే మొదటి స్థానం. ఎండిన తరువాత మాంసం తొమ్మిది కిలోలకు దిగుతుంది, మొక్కజొన్న ఇరవై రెండు కిలోల దగ్గర నిలుస్తుంది. మరొక ఉపాయం కూడా ఉన్నది. ధాన్యాన్ని మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, గోధుమ, గోధుమ పిండి అని విడివిడిగా వ్రాస్తే ఒక్కొక్కటి క్రిందికి జారిపోతుంది. వాటిని కలిపి లెక్కించవలసిన పని మనదే.

ఇక 'చికెన్ మీల్' అన్న మాట. మీల్ అనగానే భోజనం అనుకునే అవకాశం ఉన్నది. ఇక్కడ దాని అర్థం పొడి: కోడి పదార్థాన్ని ఉడికించి, కొవ్వు తీసి, నీరు ఇగిర్చి పొడి చేసినది. అందులో మాంసకృత్తులు 65 శాతం దాకా ఉంటాయి. కావున జాబితాలో రెండవదిగా ఉన్న ఈ పొడి, మొదటిదిగా ఉన్న పచ్చి మాంసం కన్న ఎక్కువ పోషణ ఇయ్యవచ్చును. 'ఉప ఉత్పత్తులు' అన్న మాటకు కూడా జంకనక్కరలేదు. కార్జం, గుండె, మూత్రపిండాలు ఆ కోవలోనివే. కార్జం వేపుడునూ తలకాయ కూరనూ ఇష్టంగా తినే మనకు ఇది ఒకరు చెప్పాలా? సందేహించవలసినది వేరు: 'కోడి' అనో 'గొర్రె' అనో చెప్పక ఊరికే 'మాంసం, జంతు ఉత్పత్తులు' అని వ్రాసినప్పుడు. అటువంటి చోట ఈ నెల ఒక జంతువు, వచ్చే నెల మరొకటి కావచ్చును. ఏదైనా ఒక మాంసం పడని కుక్కకు అది ఇబ్బంది.

ధాన్యమంటే విషమన్నట్లు ప్రచారం సాగుతున్నది. నాకు అది నచ్చదు. మనిషితో కలిసి బ్రతికిన కుక్కకు పిండి పదార్థాన్ని అరిగించుకునే శక్తి తోడేలు కన్న ఎక్కువని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో జన్యువులలోనే చూపించారు. ధాన్యం లేని ఆహారాలకు, కుక్కల గుండె జబ్బుకు సంబంధం ఉన్నదేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదేనని తేలలేదు. కాని 'ధాన్యరహితం' అన్న మాటకు రెట్టింపు ధర ఇయ్యనక్కరలేదని నా అభిప్రాయం.

మాంసకృత్తుల అంకె మరింత మోసకారి. 'క్రూడ్ ప్రోటీన్' అన్నది నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చించిన లెక్క. ఆ నత్రజని ఎక్కడిదో ఆ లెక్క చెప్పదు. 2007లో చైనా నుండి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, అంకె పెంచడానికై మెలమైన్ కలిపారు. ఆ ఆహారం తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి ఉత్తర అమెరికాలో మరణించాయి. కాగితం మీద ప్రోటీన్ సరిగానే ఉన్నది.

తడి ఆహారాన్నీ పొడి ఆహారాన్నీ పోల్చేటప్పుడు ముందుగా నీరు తీసివేయండి. డబ్బాలో 8 శాతం ప్రోటీన్, 80 శాతం తేమ ఉంటే మిగిలిన ఇరవైలో ఎనిమిది, అంటే 40 శాతం. పొడి గింజలలో 24 శాతం ప్రోటీన్, 10 శాతం తేమ ఉంటే సుమారు 27 శాతమే. అమెరికా పశుదాణా అధికారుల సంఘమైన ఆఫ్కో, ఇట్లా నీరు తీసిన లెక్కలో, ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం, పిల్లకు 22.5 శాతం ఉండాలంటుంది. మన బజారులో చాలా సంచులపై ఆ పేరు కనబడుతుంది. ఆ సంఘం ఏ ఆహారాన్నీ పరీక్షించదు, ఆమోదించదు. ప్రమాణాలు మాత్రమే వ్రాస్తుంది.

కోడిపొడి తాజాదా, మొక్కజొన్నకు బూజు పట్టిందా అన్నది ఏ జాబితా చెప్పదు. సంచి మీద వినియోగదారుల ఫోను నంబరు ఉండి తీరాలి. పిలిచి అడగండి: ఈ మిశ్రమాన్ని రూపొందించినవారు పోషణ శాస్త్రం చదివినవారా? ఏ కర్మాగారంలో తయారైనది? వచ్చిన ధాన్యాన్ని బూజు విషానికై పరీక్షిస్తారా? సూటిగా జవాబు చెప్పే కంపెనీని నేను ఎక్కువగా నమ్ముతాను.

చివరిగా, పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన విడిగా అమ్మే గింజల సంగతి. వీధికుక్కలకు పెట్టేవారు చౌకగా వస్తుందని కొంటారు, ఆ దయ గొప్పది. అయితే వాటికి తేదీ లేదు, జాబితా లేదు, గాలి తగిలి కొవ్వు చిక్కబట్టిపోయి ఉంటుంది. కొనక తప్పకపోతే దుకాణదారుని అసలు సంచి చూపించమనండి, తేదీ చదవండి, గుప్పెడు తీసుకొని వాసన చూడండి. పాత నూనె కంపు వస్తే అక్కడే వదిలి రండి.