అప్పీలు గడువు దాటనివ్వకండి

సివిల్ దావాలో ఓడినవారు అప్పీలుకు తొందరేముందని అనుకోకూడదు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం డిక్రీ తేదీ నుంచి హైకోర్టుకైతే 90 రోజులు, కింది అప్పీలు కోర్టుకైతే 30 రోజులే గడువు. ఎదుటివారు అభ్యంతరం చెప్పకపోయినా, గడువు మీరిన అప్పీలును కోర్టే కొట్టేయాలని 3వ సెక్షన్ చెబుతోంది. న్యాయం అడిగేవారికి ఈ రోజుల లెక్కేమిటని కొందరంటారు. కానీ పొలం దావాలో గెలిచిన రైతు ఆ పొలంలో ధైర్యంగా బోరు వేయించుకోవాలంటే తగాదా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా! పైగా చట్టానికి దయ లేకపోలేదు: జబ్బులాంటి తగిన కారణం చూపితే 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించవచ్చు. సర్టిఫైడ్ కాపీ తయారీకి పట్టిన కాలాన్నీ గడువులోంచి తీసేస్తారు; మీరు దరఖాస్తు పెట్టకముందు గడిచిన రోజులు మాత్రం కలిసిరావు. అందుకే తీర్పు వచ్చిన రోజే కాపీకి దరఖాస్తు పెట్టండి.