పలక, బలపం, 66 రోజులు

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరం మనలో ఇంకా చాలామందే ఉన్నారు. రాతిని పొరలుగా చీల్చి, చుట్టూ చట్రం బిగించిన పలక అది. దాని మీద ‘అ’ ఒక్కరోజులో కుదరలేదు కదా! మరి పెద్దయ్యాక, పొద్దున్నే నడక మాత్రం వారంలో అలవాటైపోవాలంటాం.

ఇరవయ్యొక్క రోజులు చేస్తే చాలంటారే, ఆ లెక్క నేను నమ్మను. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ఒక పరిశోధన వెలువరించింది. ఒక పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ తేలింది.

కొత్త పనిని రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించండి. ఉదాహరణకు, ఫ్లోరైడ్ నీళ్ల భయంతో మన మార్కాపురం వైపు చాలా ఇళ్లకు రోజూ మంచినీళ్ల క్యాను వస్తుంది. అది దించగానే బీపీ మాత్ర వేసుకోండి.

ఇది అలవాటు సంగతి. ఇక ఆలోచన సంగతి. మరో బోరు వేయాలా వద్దా అన్న దిగులు రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పలక మీద పెట్టండి: పక్క చేలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, అప్పు ఎంత, వడ్డీ ఎంత, నీళ్లు పడకపోతే ఏం చేస్తారు. తెల్లారాక ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే రిగ్గు వాళ్లకు ఫోను చేయండి.