వెదకెడి గనులు – వాటాల బేరము



అంజనము వేసి లంకెబిందెలు చూపెదనని యెవడైన ఊరిలోనికి వచ్చినచో పెద్దలు వానినడుగు ప్రశ్న యొక్కటే: “చోటు తెలిసిన నీవే యేల త్రవ్వుకొనవు?” గనుల కంపెనీల వాటాలు కొనబోవువారును ఈ ప్రశ్నతోడనే ప్రారంభింపవలెను.

ఇటీవల నా పూర్వశిష్యుడొకడు వచ్చి, రెండెకరముల మాగాణి అమ్మి, బంగారమును వెదకుచున్న యొక చిన్న కంపెనీ వాటాలు కొనవచ్చునా యని యడిగెను. వలదంటిని. “వలదనుటయే గాని యెందుకో చెప్పరేమి?” అని యతడు నొచ్చుకొనెను. ఆ మాట న్యాయమైనదే. అతనికి పిదప వివరించినదే నేడు మీకును విన్నవించుచున్నాను.

గనుల కంపెనీలు రెండు తెఱగులు. త్రవ్వి అమ్మునది యొకటి. 2001 వరకు నడచిన కోలారు బంగారు గనులు అట్టివి. వెదకునది రెండవది. దీనికి గనియు లేదు, రాబడియు లేదు. భూమిలో లోతుగా రంధ్రములు వేసి, రాతికడ్డీలను పైకి తీసి, వానిని పరీక్షించుటయే దీని పని. ధనము చాలనపుడెల్ల క్రొత్త వాటాలు అమ్మును. అన్నదమ్ములు పెరిగినకొలది పొలములో పాలు తగ్గునట్లు, పాత వాటాదారుని పాలు తగ్గుచుండును. వెదకిన తావులలో గనిగా పరిణమించునవి మిక్కిలి కొలది.

అయినను ఫలించిన సందర్భములు లేకపోలేదు. 1993లో కెనడా దేశపు లాబ్రడారు తీరమున, వజ్రములు వెదకబోయిన యిరువురు వాయిసీస్ బే అను చోట నికెలు, రాగి గల శిలను కనుగొనిరి. వారిచే వెదకించిన డైమండ్ ఫీల్డ్స్ అను చిన్న కంపెనీని 1996లో ఇన్కో అను పెద్ద కంపెనీ ఇంచుమించు 430 కోట్ల కెనడా డాలర్లకు కొనెను. తొలినాటి వాటాదారులు భాగ్యవంతులైరి. కాని గని పని సాగుటకు 2005 వరకు పట్టెను.

ఆ దేశముననే, ఆ సంవత్సరములలోనే, బ్రీ-ఎక్స్ అను మఱియొక చిన్న కంపెనీ బయలుదేరెను. బోర్నియో ద్వీపమున ఇండోనేషియాకు చెందిన బుసాంగ్ అడవిలో అపారమైన బంగారము దొరకినదని చాటెను. కొన్ని సెంట్ల వాటా 1996 నాటికి 280 డాలర్లు దాటెను. కంపెనీ మొత్తపు విలువ 600 కోట్ల కెనడా డాలర్లకు చేరెను. 1997 మార్చి 19న ఆ గని భూగర్భశాస్త్రజ్ఞుడు హెలికాప్టరు నుండి పడి మరణించెను. మార్చి 26న, అచట స్వయముగా పరీక్షించిన ఫ్రీపోర్టు కంపెనీ తమకు చెప్పుకొనదగిన బంగారము కనబడలేదని తెలిపెను. మరునాడే వాటా వెలలో నూటికి 80 పాళ్లకు మించి హరించిపోయెను. మే నెలలో స్ట్రాత్‌కోనా అను పరిశోధక సంస్థ రహస్యమును బయటపెట్టెను: పొడిచేసిన రాతిలో ఏటి బంగారపు రజను కలిపియుండిరి! నష్టపడినవారిలో కెనడా ఒంటారియో రాష్ట్రపు ఉపాధ్యాయుల పింఛను నిధియు నొకటి. ఈ మోసమునకు శిక్ష పడినవారు లేరు.

ఇందలి కీలకమును గమనింపుడు. రాతికడ్డీని నిడుపుగా రెండుగా చీల్చి, ఒక సగము పరీక్షకు పంపి, రెండవ సగమును దాచుట ఆచారము. బ్రీ-ఎక్స్ వారు కడ్డీ నంతయు పొడిచేసిరి. కావున మరల పరీక్షించుటకు సాక్ష్యము మిగులలేదు. కాసంత బంగారము కొన్నను ఒరగల్లుపై గీయక మనము విడువము. అక్కడ ఒరగల్లుకూడ అమ్మువాని చేతిలోనే యుండెను! ఈ యనుభవముచేతనే కెనడాలో 2001 నుండి అర్హుడైన నిపుణుని బాధ్యతపైననే గని వివరములు ప్రకటింపవలెనను నిబంధన వచ్చెను. నిబంధన మోసమును తగ్గించును. నేలలో లేని బంగారమును పుట్టింపజాలదు.

కావున నా శిష్యునకు మూడు ప్రశ్నలు వ్రాసి యిచ్చితిని. రాతిని పరీక్షించినవారు కంపెనీతో సంబంధము లేనివారా? మిగిలిన సగము భద్రముగ నున్నదా? ఇంతవరకు ఎన్నిమారులు క్రొత్త వాటాలు అమ్మిరి? వీనికి సరియైన యుత్తరములు దొరకినను, పోయినపుడు ఇంటిలో పూట కూటికి లోటు రాని సొమ్మునే పెట్టవలెను. అట్టి సొమ్మును పెట్టుట సాహసము. మాగాణిని పెట్టుట అవివేకము. పొలము ఒక యేడు పండకున్నను మరుసటి యేడు పండవచ్చును. వట్టిదైన గని యెన్నటికిని పండదు.

మీ యిండ్లలోని యువకులును ఇట్టి ప్రశ్నతో మీయొద్దకు రావచ్చును. ఊరక వలదని కసరక, కారణము చెప్పుడు.