మంచాన పడినవారి పుండ్లు: పంచాయతీ కర్తవ్యము
(ఇబ్రహీంపట్నము మండల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పెద్దచెరువు కట్టకు చిన్న బుంగ పడినచో మీరు గండి పడువరకు వేచియుండరు. మంచము దిగలేని రోగి దేహమునకు పట్టు పుండును గూర్చియు అట్టి మెలకువయే వలెనని మనవి చేయుచున్నాము.

నడుము క్రింద, తుంటివద్ద, మడమలవద్ద ఎముక ఉబికియుండును. అచ్చట భారము ఎడతెగక పడినచో రక్తప్రసారము నిలిచి కండ నశించును. ఇది కర్మఫలము కాదు, చాలవరకు నివారింపదగినది. ఎర్రబడినచోట వ్రేలితో నొక్కి చూడుడు. ఎరుపు చెదరనిచో అదియే తొలి సూచన. చామనచాయ చర్మమున ఎరుపు తెలియకపోవచ్చును. వేడిమిని, గట్టిదనమును తడిమి చూడవలెను. అచ్చట మర్దన చేయరాదు.

భారము తొలగించుటయే మొదటి చికిత్స. సుమారు రెండు గంటల కొకసారి, ఈడ్వక ఎత్తి, ప్రక్క మార్చవలెను. మడమలు పరుపునకు తగులకుండ పిక్కల క్రింద దిండు నుంచవలెను. తడిసిన బట్టలు వెంటనే మార్చవలెను. పుండుపై పసుపు, బూడిద అద్దరాదు. నర్సు చూపినట్లు సెలైనుతో కడిగి కట్టు కట్టవలెను. పప్పు, పాలు, గ్రుడ్లు కండను పెంచును. నల్లబడిన కండ, దుర్వాసన, జ్వరము కనబడినచో ఆలసింపక ప్రభుత్వాసుపత్రికి చేర్పవలెను.

అయితే, రాత్రియెల్ల మేల్కొని ప్రక్క మార్చునది తరచుగా ఇంటి కోడలొక్కతెయే. ఆమెకు తోడెవరు? ఆశా కార్యకర్తతో కూడి వార్డువారీగా ఇట్టి రోగుల పట్టిక వ్రాయుడు. ఇరుగుపొరుగువారికి వంతులు ఏర్పరచుడు. ఇందులకు నిధులు అక్కరలేదు. మీ పూనిక చాలును.