ఒంటికి తొడుక్కునే పరికరాలతో రొమ్ము కేన్సరు గుర్తింపు
(మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలు పితికేముందు మొదటి రెండు ధారలు విడిగా పిండి చూడమని మనం ఏటా చెప్పుకుంటూనే ఉన్నాము. పాలలో తరకలు కనిపించినా, పొదుగు చేతికి వెచ్చగా తగిలినా ఆ పూటే పశువుల డాక్టరుకు కబురు పెడతాము. గొడ్డు విషయంలో ఇంత జాగ్రత్తపడే మనము సొంత రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం నెలలు గడిచినా నోరు విప్పము. సిగ్గు ఒకటి, ఖర్చు భయం ఒకటి. “నొప్పి లేదు కదా” అనే ధైర్యం మరొకటి. అన్నిటికన్నా చెడ్డది ఇదే. రొమ్ము కేన్సరు గడ్డ మొదట్లో తరచు నొప్పి పుట్టదు.

కోత, సూది లేకుండా ఈ జబ్బును ముందే పసిగట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. కేరళలో త్రిస్సూరులోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో డాక్టర్ ఎ. సీమ బృందం, మనం రవికె లోపల తొడుక్కునే బాడీ వంటిదే ఒకటి తయారు చేసింది. అందులో ఉష్ణాన్ని కొలిచే చిన్న సెన్సర్లు ఉంటాయి. కేన్సరు పెరిగేచోట రక్త ప్రసారం హెచ్చి చర్మం కొద్దిగా వెచ్చబడుతుంది. పొదుగు మీద మన అరచెయ్యి చేసే పనే సెన్సర్లు చేస్తాయి. కాకపోతే చేతికి అందని తేడాను కూడా పడతాయి. ఎక్స్‌రే కిరణాల బెడద లేదు. ఈ కృషికి ఆమెకు 2018 సంవత్సరపు నారీశక్తి పురస్కారం లభించింది.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో జానాన్ దాదెవిరెన్ బృందం 2023లో మరో దారి చూపింది. తేనెపట్టు గళ్ల వంటి పట్టీని బాడీకి తగిలించి, ఆ గళ్లలో చిన్న అల్ట్రాసౌండు పరికరాన్ని జరుపుతూ లోపలి బొమ్మ తీస్తారు. 0.3 సెంటీమీటరు తిత్తి కూడా కనబడిందట.

వీటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దని మా మనవి. వెచ్చదనం చీము పట్టినా వస్తుంది. మామోగ్రాము, ముక్క పరీక్ష లేకుండా ఏ డాక్టరూ తేల్చి చెప్పడు. ఆ పరీక్షలు మనకు దూరంలో లేవు. తిరుపతిలో స్విమ్స్ ఉంది. 2022 మే 5న అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల, తి.తి.దే. సహకారంతో కేన్సరు ఆసుపత్రి ప్రారంభమయింది. స్విమ్స్ వారి గులాబి బస్సు పల్లెలకే వచ్చి పరీక్షలు చేస్తుంది. 30 ఏళ్లు దాటిన ఆడవారు ఊరి ఏ.ఎన్.ఎం.ను అడిగినా దారి చెబుతుంది.

సంఘం అధ్యక్షులకు ఒక మాట. శిబిరం పెట్టినరోజు “సాయంత్రం పాలు ఎవరు పిండుతారు?” అని చాలామంది ఇంట్లోనే ఆగిపోతారు. ఆ ఒక్క పూట ఎనుముల దగ్గర మగవారు కూర్చునేటట్టు ముందురోజే మాట్లాడి పెట్టండి.