విక్టోరియా ఒడ్డున చేపల సాగు

విక్టోరియా సరస్సులో కెన్యా వాటా సుమారు ఆరు శాతమే. మిగతాది టాంజానియా, ఉగాండాలది. సరస్సులో వేట తగ్గుతుంటే, 2009లో కెన్యా ప్రభుత్వం ఆర్థిక ఉద్దీపన పథకం కింద పల్లెల్లో వేలాది చేపల చెరువులు తవ్వించింది. వాటిలో చాలా తర్వాత పడావు పడ్డాయి. తవ్వకానికి డబ్బు వచ్చింది; నాణ్యమైన చేపపిల్ల, మేత, కొనేవాడు మాత్రం రైతుకు దొరకలేదు.

అక్కడ పెంచేది ముఖ్యంగా తిలాపియా. ఆడామగా కలిసి పెరిగితే చెరువులోనే పిల్లలు పెట్టి కిక్కిరిసిపోతాయి, ఏదీ పెద్దగా ఎదగదు. అందుకే హేచరీలు మగ చేపపిల్లలనే తయారుచేసి అమ్ముతున్నాయి.

పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేతలో వాడే ఒమెనా అనే చిన్న చేప పేదల పళ్ళెంలో కూర కూడా. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. చేపను పెంచడానికి పేదవాడి చేపను లాక్కోకూడదు. సోయా, పురుగుల పొడి వంటి మేతల మీద పరిశోధనకు ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలి.

ఇప్పుడు చెరువుల్లోనే కాక, కెన్యాలోని హోమా బే, సియాయా తీరాల్లో సరస్సులోనే వలపంజరాలు కట్టి పెంచుతున్నారు. అడుగున ప్రాణవాయువు తగ్గిన నీరు పైకి వచ్చిందంటే, పంజరంలోని చేపలు తప్పించుకోలేక మూకుమ్మడిగా చనిపోతాయి. అందుకే లోతుగా, నీరు కదిలే చోట, ఎడంగా పంజరాలు వేయాలి.